తూకంలో కనిపించని కండ నష్టం: 69 ఏళ్ల మహిళకు 24 వారాల చికిత్స (కేస్ స్టడీ)

ఇది ఒక్క మనిషి రికార్డు కాదు. వృద్ధుల ఔట్‌పేషెంట్‌లో, ఫిజియోథెరపీ గదిలో పదేపదే ఎదురయ్యే లక్షణాలను, పొరపాట్లను, ఫలితాలను ఒకే కేసు షీటుగా కూర్చాం. అంకెలు కూడా ఇలాంటి రోగుల్లో మామూలుగా కనిపించే పరిధిలోవే. ఎంత బరువు ఎత్తించాలి, ఎన్నిసార్లు, ఎంత ప్రొటీన్ పెట్టాలి, ఏ వారంలో ఏది బెడిసికొట్టింది అన్నవే చదివేవారికి పనికొస్తాయి కాబట్టి వాటి మీదే ఎక్కువ రాశాం.

వచ్చినప్పటి పరిస్థితి

69 ఏళ్ల గృహిణి. ఎత్తు 152 సెం.మీ., బరువు 61 కిలోలు. శాకాహారి. పాలు, పెరుగు తీసుకుంటారు, గుడ్డు ముట్టరు. 14 ఏళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం, బీపీకి టెల్మిసార్టాన్, ఏళ్ల తరబడి పొద్దున్నే ఒక గ్యాస్ మాత్ర. రెండు మోకాళ్లలో అరుగుదల. నాలుగు నెలల కిందట న్యుమోనియాతో 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

చెప్పిన ఫిర్యాదు ఒకటే: "కాళ్లలో సత్తువ లేదు." అడిగేకొద్దీ మిగతావి బయటపడ్డాయి. ఇండియన్ టాయిలెట్‌లో కుళాయి పట్టుకుంటే తప్ప లేవలేకపోతున్నారు. దేవుడి గదిలో పీట తీసేసి కుర్చీ వేయించుకున్నారు. మెట్లు ఎక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెడుతున్నారు. ఒకసారి బాత్రూంలో జారిపడ్డారు. అయినా రోజూ సాయంత్రం 40 నిమిషాలు నడుస్తున్నారు. నడక మానలేదు కాబట్టి వ్యాయామం చేస్తున్నట్టే లెక్క అని ఇంట్లోవాళ్ల ధీమా.

ఇంకో ధీమా తూకం. ఆసుపత్రికి వెళ్లకముందు 62, ఇప్పుడు 61. "బరువేం తగ్గలేదు కదండీ, నీరసమే" అన్నారు. ఇలాంటి కేసులు చాలావరకు ఇక్కడే దారి తప్పుతాయి. మంచం మీద పోయిన కండ స్థానంలో, ఇంటికొచ్చాక తిన్న జావలు, బిస్కెట్లు, ఖర్జూరాలు కొవ్వుగా చేరతాయి. తూకం ముల్లు కదలదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను కేవలం 10 రోజులు మంచం మీదే ఉంచి చేసిన ఒక అమెరికన్ పరిశోధనలో (2007) కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ తగ్గింది. జ్వరం, ఆకలి లేకపోవడం తోడైన 11 రోజులు అంతకంటే తక్కువ నష్టం చేసి ఉండవు.

వయసుతో కండ తగ్గడానికి సార్కోపీనియా అని పేరు పెట్టింది ఇర్విన్ రోజెన్‌బర్గ్, 1980ల చివర్లో. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లోటు. అమెరికాలో దీనికి రోగ నిర్ధారణ కోడ్ వచ్చింది 2016లో. మన దగ్గర ఇప్పటికీ "వయసు పైబడింది కదా" అన్న మాట కిందే నడిచిపోతోంది. కండ పరిమాణం కంటే బలం చాలా వేగంగా పడిపోతుంది. చటుక్కున లేవడానికి, జారినప్పుడు తమాయించుకోవడానికి పనికొచ్చే వేగవంతమైన కండ పోగులే ముందు చిక్కిపోతాయి. తాపీగా నడిచేటప్పుడు ఆ పోగులకు పెద్దగా పని పడదు. 40 నిమిషాల నడక ఈమె తొడ కండను కాపాడలేకపోవడానికి కారణం అదే. నడక గుండెకు, షుగర్‌కు మంచిదే. ఈ జబ్బుకు మాత్రం అది మందు కాదు.

కొలతలు, వాటిలో జరిగే తప్పులు

సార్కోపీనియా మీద పనిచేసే ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణాలు వాడాం. మొదటి రోజు అంకెలు ఇవి. బ్రాకెట్లో ఉన్నది మహిళలకు హద్దు.

పిక్క చుట్టుకొలత: 31.5 సెం.మీ. (33 కంటే తక్కువైతే అనుమానించాలి)
బలం, నడక, లేవడం, మెట్లు, పడిపోవడం గురించి ఐదు ప్రశ్నల సార్క్-ఎఫ్ స్కోరు: 5 (4 లేదా ఎక్కువ)
చేతి పట్టు: కుడి 14.2, ఎడమ 13 కిలోలు (18 కంటే తక్కువ)
కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం: 19.4 సెకన్లు (12 లేదా ఎక్కువ)
6 మీటర్ల నడక: సెకనుకు 0.82 మీటర్లు (1.0 కంటే తక్కువ)
డెక్సా (కండ, కొవ్వు, ఎముకను కొలిచే ఎక్స్‌రే) స్కాన్‌లో కాళ్లు, చేతుల కండ: 11.9 కిలోలు, ఎత్తు వర్గంతో భాగిస్తే 5.15 (5.4 కంటే తక్కువ)

బలం, పనితీరు, కండ మూడూ హద్దు కిందే ఉన్నాయి కాబట్టి ఇది తీవ్ర సార్కోపీనియా. ఒంట్లో కొవ్వు 41 శాతం. పైకి బొద్దుగా కనిపించే మనిషిలో కండ కరువు.

పిక్క కొలిచే ముందు కాలి వాపు ఉందేమో వేలితో నొక్కి చూడాలి. బీపీకి అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లలో వాపు వల్ల పిక్క లావుగా కనిపించి అసలు విషయం దాగిపోతుంది. కుర్చీ పరీక్షకు సుమారు 43 సెం.మీ. ఎత్తున్న చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించాలి, రోగి చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి. ఐదోసారి నిటారుగా నిలబడ్డ క్షణంలో వాచీ ఆపాలి. మళ్లీ కూర్చునేదాకా లెక్కపెట్టడం అందరూ చేసే తప్పు. సోఫాలో కూర్చోబెట్టి కొలిచిన అంకె దేనికీ పనికిరాదు. నడక పరీక్షలో ముందూ వెనకా ఒకటి రెండు మీటర్ల ఖాళీ వదిలి మధ్య 6 మీటర్లకే టైం చూడాలి. "త్వరగా నడవండి" అనకూడదు, రోజూ ఎలా నడుస్తారో అలాగే నడవమనాలి. డెక్సా లేని ఊళ్లో పిక్క టేపు, కుర్చీ, వాచీ చాలు, చికిత్స మొదలుపెట్టేయొచ్చు.

ముందు తోసిపుచ్చాల్సినవి

నీరసమంతా సార్కోపీనియా కాదు. ఆరు నెలల్లో కారణం లేకుండా 5 శాతానికి మించి బరువు తగ్గితే టీబీ, క్యాన్సర్, థైరాయిడ్, అదుపు తప్పిన షుగర్ వెతకాలి, డంబెల్స్ తర్వాత. పొద్దున లేవగానే భుజాలు, తొడలు గంటసేపు బిగుసుకుపోతుంటే ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ చూడాలి. కొలెస్టరాల్ మాత్రల మీద ఉంటే, కండ దెబ్బతింటే పెరిగే సీపీకే. ఈమె విషయంలో సీఆర్‌పీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) మామూలుగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 11.4, విటమిన్ డి 14 నానోగ్రాములు, బీ12 168 పికోగ్రాములు, మూడూ తక్కువే. బీ12 తగ్గడానికి శాకాహారం, మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర మూడూ కలిశాయి. బీ12 లోటు నరాలను దెబ్బతీసి నడకను తూలిస్తుంది. దాన్ని సరిచేయకుండా బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమా అని ఫిజీషియన్ చూసి మెల్లగా ఆపించారు.

విటమిన్ డి వారానికి 60,000 యూనిట్ల చొప్పున 8 వారాలు, ఆ తర్వాత రోజువారీ చిన్న డోసు. ఒకేసారి పెద్ద డోసు పోయడం మీద మోజు వద్దు. ఆస్ట్రేలియాలో 70 దాటిన మహిళలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చిన పరిశోధనలో (2010) పడిపోవడాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయి.

కిడ్నీ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. క్రియాటినిన్ 0.9, దాని ప్రకారం ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) 69. కానీ క్రియాటినిన్ పుట్టేదే కండలో. కండ తక్కువున్నవాళ్లలో అది తక్కువగా వచ్చి కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు చూపిస్తుంది. అందుకే కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సీ అనే రక్తపరీక్ష కూడా చేయించాం. దాని ప్రకారం 61. మూత్రంలో ఆల్బుమిన్ లేదు. ప్రొటీన్ పెంచడానికి అడ్డు లేదని తేలింది. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉండి డయాలసిస్ మీద లేనివాళ్లకు కింద చెప్పిన ఆహార ప్రణాళిక వర్తించదు. అలాంటప్పుడు కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) మాటే చివరిది.

బరువులకు ముందు ఈసీజీ, కంటి రెటీనా పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష తప్పనిసరి. రెటీనాలో కొత్త రక్తనాళాలు మొలిచి ఉంటే ఊపిరి బిగబట్టి బరువెత్తడం చూపుకే ప్రమాదం. ఈమెకు అలాంటిదేమీ లేదు. తొడ ఎముక మెడ దగ్గర ఎముక సాంద్రత చెప్పే టీ-స్కోరు మైనస్ 2.3 ఉంది, అంటే ఎముక పలచబడుతోంది. అందువల్ల వెన్ను గుండ్రంగా వంచి చేసేవి ఏవీ పెట్టలేదు.

"పప్పు తింటున్నాం కదా"

మూడు రోజుల తిండిని కొలిచి రాయించాం. గరిటె, గిన్నె అని రాయిస్తే లాభం లేదు. వంటింట్లో చిన్న తూకం యంత్రమో, కొలత గ్లాసో పెట్టించాలి. పొద్దున మూడు ఇడ్లీ, కొబ్బరి చట్నీ, కాఫీ: 8 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం అన్నం, ఒక గరిటె టమాటా పప్పు, కూర, పెరుగు: 13. సాయంత్రం టీ, బిస్కెట్లు: 2. రాత్రి రెండు పుల్కాలు, కూర, పల్చటి మజ్జిగ, పడుకోబోయే ముందు అర గ్లాసు పాలు: 13. మొత్తం 36 గ్రాములు, అంటే కిలో బరువుకు 0.6.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆరోగ్యవంతులైన పెద్దలకు చెప్పినదే కిలోకు 0.83. వృద్ధులకు 1.0 నుంచి 1.2, జబ్బుపడి లేచినవాళ్లకు 1.2 నుంచి 1.5 కావాలన్నది 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం చేసిన సిఫారసు.

లోటు ఎక్కడుందో చూడండి. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే. కానీ ఆ గరిటె టమాటా పప్పులో పడిన కందిపప్పు 12 గ్రాములు మించదు. అంటే రెండున్నర గ్రాముల ప్రొటీన్. పప్పుచారైతే అదీ ఉండదు. రాగి జావ సంగతీ అంతే. గ్లాసు జావలో పోసే పిండి 20, 25 గ్రాములు, దాన్నుంచి వచ్చేది రెండు గ్రాముల లోపే. కాల్షియం కోసం తాగితే తాగండి, కండ కోసం కాదు.

లక్ష్యం రోజుకు 73 గ్రాములు. పూటకు 20కి తగ్గకుండా, వీలైతే 25. వయసు మీరిన కండ ఒకే పూటలో తగినంత ప్రొటీన్ అందితే తప్ప పెరుగుదల మొదలుపెట్టదు. రాత్రి ఒక్కపూటే 50 గ్రాములు తిని మిగతా రెండు పూటలు ఇడ్లీ, చారన్నంతో గడిపితే ఆ లెక్క కుదరదు. ఇల్లు మార్చుకోగలిగిన పద్ధతి ఇది:

పొద్దున 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, 20 గ్రాముల వేరుశనగ గుళ్లతో చట్నీ, 200 మి.లీ. పాలు. సుమారు 23 గ్రాములు.
మధ్యాహ్నం అన్నం 250 నుంచి 150 గ్రాములకు తగ్గించి, 40 గ్రాముల కందిపప్పుతో గట్టి ముద్దపప్పు, 200 గ్రాముల పెరుగు. సుమారు 20.
సాయంత్రం బిస్కెట్ల బదులు 25 గ్రాముల పుట్నాలు. 5.
రాత్రి రెండు పుల్కాలు, 70 గ్రాముల పనీర్ లేదా 25 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌తో కూర, మజ్జిగ. సుమారు 20.

కాఫీలో పాలతో కలిపి 70 దాకా వస్తుంది. రెండో వారంలోనే కడుపుబ్బరం అని ఫోన్ వచ్చింది. ఇది దాదాపు అందరికీ వచ్చేదే. పప్పును, పెసలను 8 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. మీల్‌మేకర్ ఉడికించాక చల్లటి నీళ్లలో రెండుసార్లు పిండాలి. ఇంగువ, జీలకర్ర తగిలించాలి. అన్నిటికంటే ముఖ్యం, మొదటి వారం సగం పరిమాణంతో మొదలుపెట్టడం. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

ఐదో వారంలో మళ్లీ రాయిస్తే సగటు 62 దగ్గరే ఆగింది. మధ్యాహ్నం ముద్దపప్పు ఇంట్లో మిగతావాళ్లకు నచ్చక పల్చబడిపోయింది. రోజూ విడిగా వండమనడం జరిగే పని కాదు. మధ్యాహ్నం మజ్జిగలో 20 గ్రాముల వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన ప్రొటీన్) పొడి కలిపించాం, 15 గ్రాములు వచ్చాయి. వంటింటి గొడవ తీరింది. పొడి ఒక్కటే చాలదా అని అడిగేవాళ్లు చాలామంది. బోస్టన్‌లోని వృద్ధాశ్రమంలో వంద మంది మీద చేసి 1994లో ప్రచురించిన పరిశోధన ఆ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చింది. బరువులు ఎత్తినవాళ్ల కండబలం 113 శాతం పెరిగింది, వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవాళ్లకు లాభం కనబడలేదు.

వ్యాయామం: ఎత్తు, బరువు, లెక్క

వారానికి మూడు రోజులు. సోమ, గురువారాలు కేంద్రంలో, శనివారం ఇంట్లో. ఒక్కోసారి 45 నిమిషాలు. సాయంత్రం నడక అలాగే ఉంచాం.

అన్నిటికీ ఒకే సూత్రం: ఇంకో రెండుసార్లు చేయగలను అనిపించే దగ్గర ఆపాలి. ఇంకో పదిసార్లు చేయగలిగితే అది బరువే కాదు. వరుసగా రెండు వ్యాయామ రోజులు అన్ని సెట్లలో (ఆగకుండా చేసే ఒక విడత ఒక సెట్) 12 సార్లు చేయగలిగితే తర్వాతి రోజు బరువు పెంచి 8కి దిగాలి. సెట్ల మధ్య పూర్తి రెండు నిమిషాల విశ్రాంతి. లేచేటప్పుడు అంకె పైకి చెప్పించాలి. నోటితో లెక్క చెబుతున్న మనిషి ఊపిరి బిగబట్టలేరు, బీపీ అంతగా ఎగబాకదు.

ప్రధాన వ్యాయామం కుర్చీలోంచి లేవడమే. ఇక్కడ బరువు కంటే ముందు మార్చాల్సింది కుర్చీ ఎత్తు. ఈమె మామూలు కుర్చీలోంచి చేతులు ఆనకుండా ఐదుసార్లు లేచేసరికి అలిసిపోయారు. 43 సెం.మీ. కుర్చీ మీద చెక్క పలకలు వేసి 50కి పెంచితే ఆరుసార్లు చక్కగా లేచారు. అక్కడ మొదలు: 2 సెట్లు, 6 సార్లు. దిండు వేస్తే కుంగిపోయి ఎత్తు మారుతుంది, పలకే వేయాలి. నాలుగో వారం 47 సెం.మీ., 3 సెట్లు. ఆరో వారం 43. తొమ్మిదో వారం గుండెలకు హత్తుకున్న సంచిలో 3 కిలోల బియ్యం. పదహారో వారం 6 కిలోలు. ఇరవయ్యో వారం ఎత్తు 38కి దించి, బరువు 4 కిలోలకు తగ్గించాం. ఎత్తు తగ్గించిన రోజు బరువు కూడా పెంచకూడదు. దిగేటప్పుడు మూడు లెక్కపెట్టేంత సేపు పట్టాలి. కూలబడితే వ్యాయామంలో సగం పోయినట్టే.

రెండోది బరువెత్తడం. తుంటి దగ్గర వంగి, వెన్ను నిటారుగా ఉంచి, 40 సెం.మీ. స్టూలు మీదున్న 5 లీటర్ల నీళ్ల డబ్బాను ఎత్తి దించడం. లీటరు నీళ్లు కిలో కాబట్టి తూకం వెతుక్కోవక్కర్లేదు. "బిందె ఎత్తినట్టు కాదు, బిందె నడుముకు ఎత్తుకునే ముందు మోకాళ్లు ఎలా వంచుతారో అలా" అంటే మన ఆడవాళ్లకు ఒక్కమాటలో అర్థమవుతుంది. ఎనిమిదో వారానికి 8 కిలోలు, పన్నెండుకు 10, చివరికి 25 సెం.మీ. పీట మీద నుంచి 16 కిలోలు.

మిగతావి: 10 సెం.మీ. మెట్టు ఎక్కి దిగడం (చివరికి 20 సెం.మీ., రెండు చేతుల్లో 2 కిలోల చొప్పున), కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండ్‌ను పక్కటెముకల దాకా లాగడం, గోడకు చేతులు ఆనించి తోయడం (తర్వాత వంటింటి గట్టు మీద), కిటికీ పట్టుకుని మడమలు ఎత్తడం. బ్యాండ్‌ను మూడు నెలలకోసారి మార్చాలి, మడత దగ్గర సన్నని పగుళ్లు కనబడితే ఆ రోజే పారేయాలి. తెగితే ముఖం మీద కొడుతుంది. చివర్లో ఐదు నిమిషాలు ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడే బ్యాలెన్స్.

మోకాళ్ల నొప్పికి పదికి మార్కులు వేయించాం. చేసేటప్పుడు 4 దాకా ఉండొచ్చు, మర్నాటి ఉదయానికి పాత స్థాయికి రావాలి. రాకపోతే కుర్చీ ఎత్తు ఒక పలక పెంచాలి తప్ప వ్యాయామం ఆపకూడదు.

ఎక్కడెక్కడ తేడా కొట్టింది

మొదటి వారం, రెండో రోజున తొడలు పట్టేశాయి. ఇంట్లోవాళ్లు భయపడి గురువారం రానివ్వలేదు. కొత్తగా పనిబడిన కండ 24 నుంచి 72 గంటల్లో నొప్పి పెట్టి తగ్గుతుందని ముందే చెప్పి ఉంటే ఆ రోజు పోయేది కాదు. మూత్రం ముదురు రంగులోకి మారినా, నొప్పి ఐదు రోజులు దాటినా మాత్రం రావాల్సిందే.

మూడో వారం, ఉదయం 11 గంటలకు వ్యాయామం మధ్యలో చెమటలు పట్టి చేతులు వణికాయి. షుగర్ 68. అన్నం తగ్గింది, కండ షుగర్‌ను వాడుకోవడం మొదలుపెట్టింది, గ్లిమెపిరైడ్ మాత్రం పాత డోసే. 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూస్తే 104. ఫిజీషియన్ ఆ మాత్ర ఆపేశారు. ఇన్సులిన్ మీద గాని, ఈ తరహా మాత్రల మీద గాని ఉన్నవాళ్లకు వ్యాయామం, ఆహారం రెండూ ఒకేసారి మార్చేటప్పుడు మొదటి నెల వ్యాయామానికి ముందూ తర్వాతా షుగర్ చూడాల్సిందే.

మెట్‌ఫార్మిన్ ఆపాలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. షుగర్ లేని వృద్ధులకు మెట్‌ఫార్మిన్ ఇచ్చి 14 వారాలు బరువులు ఎత్తించిన పరిశోధనలో (2019) మాత్ర వేసుకున్నవాళ్ల కండ తక్కువ పెరిగింది. షుగర్ ఉన్నవాళ్లకు దాన్ని అలాగే అతికించలేం. ఆపలేదు.

ఆరు నుంచి ఎనిమిదో వారం దాకా అంకెలు కదల్లేదు. లాగ్ పుస్తకం తిరగేస్తే రెండు సంగతులు తేలాయి. ఒకటి, శనివారం ఈమెకు ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒక్క భోజనం, రాత్రి ఉప్మా. ఇంటి వ్యాయామం సరిగ్గా ఆ రోజే పెట్టాం. ఆ రోజు ప్రొటీన్ 30 దాటడం లేదు, ఓపికా లేదు. వ్యాయామం ఆదివారానికి మార్చి, శనివారం రాత్రి ఉప్మా బదులు పెసరట్టు, పాలు పెట్టించాం. నియమానికి భంగం లేదు. ఇలాంటి వారాలు, ఏకాదశులు మొదటి రోజే అడిగి రాసుకోవాలి. రెండోది, ఇంట్లో కోడలు "ఎందుకత్తయ్యా అంత బరువు, నడుం పట్టేస్తుంది" అని డబ్బాలో సగం నీళ్లు ఒంపేస్తోంది. ప్రేమతో చేసిన పనే. కోడల్ని గురువారం రప్పించి, అత్తగారు 8 కిలోలు ఎత్తడం చూపించి, డబ్బా మీద మార్కర్‌తో గీత గీశాం. ఆ తర్వాత గీత దాకా నీళ్లు పోసింది ఆ అమ్మాయే.

పట్టు బలం మాత్రం ఎనిమిది వారాల్లో ఒక్క కిలో కూడా పెరగలేదు. ఇది ప్రణాళికలోని లోపం. చేతులతో మోసే పని అందులో లేనే లేదు. తొమ్మిదో వారం నుంచి రెండు చేతులతో 2 లీటర్ల సీసాలు పట్టుకుని 20 మీటర్లు, నాలుగుసార్లు నడిపించాం. చివరికి రెండు చేతుల్లో 5 లీటర్ల డబ్బాలు.

పదకొండో వారం వైరల్ జ్వరం, ఐదు రోజులు మంచం. ఇలాంటప్పుడు పోయేది త్వరగా పోతుంది. జ్వరం తగ్గిన రోజు నుంచే మంచం అంచు మీద కూర్చుని గంటకోసారి ఐదుసార్లు లేవమన్నాం, తినలేకపోతే పాలలో వే పొడి. తిరిగొచ్చాక పాత బరువుల్లో మూడింట రెండు వంతులతో మొదలుపెడితే పది రోజుల్లో పాత చోటికి వచ్చారు.

పదమూడో వారం నుంచి వారంలో ఒక రోజు వేగానికి కేటాయించాం. బరువు లేకుండా, వీలైనంత చటుక్కున లేవడం, నెమ్మదిగా కూర్చోవడం, 4 సెట్లు, 5 సార్లు. జారినప్పుడు ఆదుకునేది ఈ చురుకే. బలం పునాది పడకుండా మొదటి నెలలోనే వేగం పెడితే మోకాళ్లు వాస్తాయి.

కండబలం కోసం వాడే క్రియేటిన్ పొడి ఇవ్వలేదు. రోజుకు 3 గ్రాములు బరువులతో పాటు కొంత ఉపయోగమే. కాకపోతే అది కిడ్నీ చెడకుండానే క్రియాటినిన్ అంకెను పెంచుతుంది. బయట ఇంకో డాక్టరు ఆ రిపోర్టు చూసి ప్రొటీన్ మొత్తం ఆపించే ప్రమాదం ఎక్కువ.

12, 24 వారాల అంకెలు

కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం 19.4 సెకన్ల నుంచి 12 వారాలకు 13.6, 24 వారాలకు 10.8. నడక వేగం 0.82 నుంచి 0.96, తర్వాత 1.08. పట్టు 14.2 నుంచి 14.9, తర్వాత 17.6. పిక్క 31.5 నుంచి 32.4. డెక్సాను 24 వారాలకే మళ్లీ చేయించాం, అంతకు ముందు చేస్తే యంత్రం తేడా ఏదో, కండ తేడా ఏదో తెలియదు. కాళ్లు, చేతుల కండ 12.6 కిలోలు, సూచిక 5.45. బరువు 59.6 కిలోలు, కొవ్వు 38.5 శాతం. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఒక మాత్ర తగ్గాక కూడా 7.4 నుంచి 6.8కి దిగింది. సార్క్-ఎఫ్ స్కోరు 2. అందులో ఒకటి పాత పడిపోవడానిది, ఏడాది నిండేదాకా అది అలాగే ఉంటుంది.

బలం, వేగం పెరిగినంతగా కండ పెరగలేదు. 700 గ్రాములు చూసి నిరాశపడేవాళ్లుంటారు. మొదటి రెండు నెలల లాభంలో ఎక్కువ భాగం నరాలది. ఉన్న కండ పోగుల్లో ఎక్కువ వాటిని ఒకేసారి పనిలోకి పిలవడం మెదడు నేర్చుకుంటుంది. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల వయసువాళ్లకు 8 వారాలు బరువులు ఎత్తించినప్పుడు కూడా తొడ బలం సగటున 174 శాతం పెరిగితే తొడ కండ వైశాల్యం పెరిగింది 9 శాతమే.

పట్టు 17.6 దగ్గరుంది. యూరప్ బృందం హద్దు ప్రకారం (16) ఈమె గట్టెక్కినట్టే, ఆసియా హద్దు ప్రకారం (18) ఇంకా లోపే. రిపోర్టులో "పూర్తిగా నయం" అని రాయలేదు.

ఇప్పుడు ఇండియన్ టాయిలెట్‌లో కుళాయి పట్టుకోకుండా, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి లేస్తున్నారు. దేవుడి గదిలో కుర్చీ పోయి పీట తిరిగొచ్చింది. ఇరవై ఐదో వారం నుంచి వారానికి రెండు రోజులు, రెండూ ఇంట్లోనే: 38 సెం.మీ. ఎత్తు నుంచి 6 కిలోలతో లేవడం 3 సెట్లు, 16 కిలోల డబ్బా 3 సెట్లు, 5 లీటర్ల డబ్బాలతో మోత నాలుగుసార్లు. మోతలో నెలకు అర లీటరు చొప్పున పెంచాలి. మూడు నెలలకోసారి కుర్చీ పరీక్ష, పట్టు. కుర్చీ టైం 12 దాటితే, లేదా మూడు రోజులకు మించి మంచం పట్టే జబ్బు ఏదైనా వస్తే, మళ్లీ వారానికి మూడు రోజులు కేంద్రానికి రావాలని కేసు షీటు మొదటి పేజీ మీదే రాసి పెట్టాం.